నేల పట్టుకునే పిల్ల

సోమవారం పొద్దున ముబీనా నోట వచ్చే మొదటి మాట బొంగురుగా ఉండేది. శనివారం సాయంత్రం వికారాబాద్‌లో రైలు దిగి ఇంటి తాళం తీసిన దగ్గర్నుంచి, మళ్ళీ సోమవారం తాండూరులో పనిలోకి వచ్చేదాకా ఆమెకు ఎవరితోనూ మాట్లాడే అవసరం పడేది కాదు. పాలప్యాకెట్ గేటుకు వేలాడుతూ ఉండేది. పక్కింటివాళ్ళు మంచివాళ్ళే గాని వాళ్ళ లోకం వాళ్ళది. తమ్ముడు అతీఖ్ హైదరాబాదు నుంచి శుక్రవారం నమాజు అయ్యాక ఫోన్ చేసేవాడు.

"ఆపా, ఖైరియత్?"

"ఖైరియతే. పిల్లలు మంచిగున్నరా?"

ఆ తర్వాత ఇద్దరూ మాటలు వెతుక్కునేవాళ్ళు. "నీ పనెట్ల నడుస్తుంది?" అని అతీఖ్ అడిగితే "నడుస్తుంది" అనడం తప్ప ఆమె చెప్పగలిగింది లేదు. ఆమె పనే అటువంటిది.

ముబీనాకు ముప్ఫై ఎనిమిదేళ్ళు. తాండూరులో ఒక ట్రస్టు నడిపే చిన్న కేంద్రంలో పిల్లల కౌన్సెలర్. బడికి పోనని ఏడ్చేవాళ్ళు, ఊరికే చేయిచేసుకునేవాళ్ళు, పదిమందిలో నోరు విప్పనివాళ్ళు, నేను దేనికీ పనికిరానని తీర్మానించుకున్నవాళ్ళు ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు. వాళ్ళ బుర్రలో తిరుగుతున్న మాటేమిటో వాళ్ళ చేతే పైకి చెప్పించి, అది నిజమో కాదో వాళ్ళ చేతే పరీక్ష చేయించడం ఆమె పని. పిల్లలు చెప్పింది గది దాటకూడదు. దాంతో ఆమె రోజులో పంచుకోదగ్గదంతా ఆ గదిలోనే ఉండిపోయేది. తల్లి రబియా బతికి ఉన్న రోజుల్లో మంచంలోంచే "ఈరోజు ఎవరొచ్చిన్రే?" అని అడిగేది. "ఎవరో పిల్లలమ్మా" అంటే, అంతమాత్రానికే తృప్తిపడి పక్కకు తిరిగి పడుకునేది. ఆ ఆరా తీసే మనిషి పోయి రెండేళ్ళు దాటింది.

కేంద్రంలో ముబీనా కాక ఉండేది సుమిత్రమ్మ ఒక్కతే. ఊడ్చేది, చాయ్ పెట్టేది, పిల్లల తల్లులను కూర్చోబెట్టి మాట్లాడించేది ఆమే. "మా ఇంట్ల ఇయ్యాల జొన్నరొట్టె, పుంటికూర చేస్తున్నం బిడ్డా. తిని పోరాదు" అని ఎన్నిసార్లు పిలిచిందో. "రైలు టైమైతది సుమిత్రమ్మా" అని ముబీనా అన్నిసార్లూ తప్పించుకుంది.

సహస్ర ఆ కేంద్రానికి వానాకాలం మొదట్లో వచ్చింది. పదేళ్ళ పిల్ల. కరణ్‌కోట దిక్కు ఊరు. తండ్రి మల్లేశ్వర్ క్వారీలో పనిచేస్తాడు. ఆ ఊళ్ళో మధ్యాహ్నం క్వారీలో రాళ్ళు పేల్చే బ్లాస్టింగ్‌కు ముందు ఒక సైరన్ మోగుతుంది, అంతా అయిపోయాక ఇంకొకటి. మొదటి సైరన్ వినపడగానే సహస్ర ఎక్కడున్నా సరే కింద కూర్చుని రెండు అరచేతులూ నేలకు ఆనించి గట్టిగా అదిమిపట్టేది. రెండో సైరన్ దాకా మాట్లాడేది కాదు, లేచేది కాదు. బడిలో బెంచీ దిగి అట్లాగే కూర్చునేది. పిల్లలు నవ్వేవాళ్ళు. ఒకసారి పంతులమ్మ చెయ్యి పట్టుకుని లేపబోతే ఆ చేతిని కొరికింది. దాంతో బడివాళ్ళే ఇక్కడికి పంపారు.

తల్లి రచన చెప్పుకుంటూ పోయింది. "సెలవు రోజైతే నన్ను గూడ మాట్లాడనియ్యది మేడం. సైరన్ పడంగనే నేను వాళ్ళ నాన్నకు ఫోన్ జేసి మంచిగున్నడని చెప్పాలె. అప్పటికి ఊకుంటది. మల్ల తెల్లారి గదే కథ. మస్తు పరేషాన్ జేస్తుంది."

ముబీనా ఆ రోజు పిల్లను ఏమీ అడగలేదు. ఇద్దరూ కలిసి రంగుపెన్సిళ్ళతో వాళ్ళ వీధి బొమ్మ వేశారు. రెండోసారి వచ్చినప్పుడు మెల్లగా కదిపింది.

"నేల పట్టుకోమని నీకు ఎవరు చెప్తరు?"

"ఎవ్వరు చెప్పరు. లోపట్నించి వస్తది."

"ఎట్ల వస్తది? బతిమిలాడినట్టా, హుకుం చేసినట్టా?"

"హుకుమే. నాన్నోళ్ళ మేస్త్రి లెక్క."

"ఏమంటడు మేస్త్రి?"

"పట్టుకో, లేకుంటే మీ నాన్న రాడు అంటడు."

మొదలైంది ఎక్కడో కూడా ఆ రోజే తెలిసింది. కిందటేడు ఒకరోజు బ్లాస్టింగ్ అదురుకు అల్మారాలోంచి పళ్ళెం పడింది. పిల్ల భయపడి నేలమీద చేతులు ఆనించి కూలబడింది. ఆ సాయంత్రం తండ్రి చాలా ఆలస్యంగా వచ్చాడు. ఫోన్ స్విచాఫ్. రచన ఏడుస్తూ వాకిట్లో నిలబడితే, లోపల సహస్ర నేల పట్టుకునే కూర్చుంది. చివరికి తండ్రి వచ్చాడు. తను పట్టుకుంది కాబట్టే వచ్చాడని ఆ పిల్ల లెక్క.

ఇటువంటి భయం సంగతి ముబీనాకు తెలుసు. చెప్పినట్టు వింటే అప్పటికి ఊరుకుంటుంది. మర్నాడు ఇంకొంచెం ఎక్కువ అడుగుతుంది. అది అబద్ధమని పెద్దవాళ్ళు ఎంత నచ్చజెప్పినా పిల్ల నమ్మదు. వినకపోతే ఏమవుతుందో పిల్లే చూసుకోవాలి, అదీ కొంచెం కొంచెంగా.

భయాన్ని కొలవడానికి ఇద్దరూ ఒక కొలత పెట్టుకున్నారు. పొగలు కక్కే చాయ్, ఊదుకుని తాగే చాయ్, చల్లారిన చాయ్. మల్లేశ్వర్ తన ఫోన్లో సైరన్ రికార్డు చేసి పంపాడు. ముబీనా దాన్ని మొదట సన్నగా వినిపించింది. సహస్ర రెండు చేతులకు బదులు ఒక చెయ్యే ఆనించింది. "ఎట్లుంది చాయ్?" "పొగలొస్తున్నయ్." "సరే, కూసుందాం. ఏం చెయ్యొద్దు. చల్లారుతదేమో చూద్దాం." కూర్చున్నారు. చల్లారింది. తర్వాత వేళ్ళ కొసలు మాత్రమే. ఆ తర్వాత చేతులు ఒళ్ళో. ఇంటి దగ్గర కూడా అలాగే చెయ్యమంది. చేసిన రోజు పిల్ల అద్దం పక్కన గోడమీద ఒక బొట్టుబిళ్ల అంటించుకునేది.

కష్టమంతా రచనతోనే వచ్చింది. సైరన్ అప్పుడు భర్తకు ఫోన్ చెయ్యొద్దని ముబీనా చెప్తే ఆమె మొహం మాడ్చుకుంది. "పిల్ల గంత వణుకుతుంటే తల్లినై ఊకె చూడాల్నా?"

"ఊకె చూసుడు కాదమ్మా. నువ్వు ఫోన్ జేసినప్పుడల్లా మేస్త్రి చెప్పింది నిజమే అని నువ్వు గూడ ఒప్పుకున్నట్టు ఆమెకు అనిపిస్తది. పక్కన కూసో. నాన్న మంచిగున్నడని మాత్రం చెప్పకు."

రచన తల ఊపింది. ఇష్టం లేకపోయినా చేసింది. వానలు ముదిరేసరికి గోడమీద బొట్టుబిళ్లలు వరస కట్టాయి. బడిలో సహస్ర బెంచీ మీదే కూర్చుంటోందని పంతులమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆ సాయంత్రం రైల్లో ముబీనా కిటికీ పక్కన కూర్చుని తనలో తనే నవ్వుకుంది. ధారూర్ దాటేదాకా ఆ నవ్వు నిలిచింది. ఈ సంగతి వింటే అమ్మ ఏమనేదో అనుకోగానే ఆగిపోయింది.

తర్వాతి వారం రచన ఫోన్ చేసింది. నమస్తే కూడా లేదు.

"ఆయన బండి మీదికెళ్ళి పడ్డడు. చెయ్యి ఇరిగింది. పొద్దుగాల వానల డ్యూటీకి పోతుంటే బర్రె అడ్డమొచ్చింది. మీరు మాన్పియ్యమన్నరు, మాన్పిచ్చినం. గిట్లయింది."

"రచనా, దానికీ దీనికీ…"

"నాకు తెల్వదు మేడం. పిల్ల మల్ల నేల పట్టుకున్నది. అన్నం గూడ కిందనే కూసోని ఒక చెయ్యి నేలకు పెట్టి తింటుంది. ఇగ మేము రాము."

ఫోన్ పెట్టేసింది. ముబీనా చాలాసేపు ఆ గదిలోనే కూర్చుంది. సుమిత్రమ్మ చాయ్ తెచ్చి బల్లమీద పెట్టి, మొహం చూసి, "ఏమైంది బిడ్డా?" అంది. చెప్పడానికి లేదు. "ఏం లేదు" అంది ముబీనా.

ఆ వారం రైలు రాకపోకల్లో ఆమెకు తన మీదే అనుమానం పుట్టింది. పిల్ల ఇంకా గట్టిపడకముందే తొందరపెట్టానా? బర్రె అడ్డం రావడానికి, అరచేతులకు సంబంధం లేదని ఆమెకు తెలుసు. అయినా ఎక్కడో ఒక మూల, ఆ మేస్త్రి గొంతు ఆమెకూ వినిపించింది. ఇట్లాంటప్పుడు అడగడానికి హైదరాబాదులో ఒక డాక్టరమ్మ ఉంది. ఫోన్ చేస్తే "మీరు చేసింది సరైనదే, కొనసాగించండి" అంది. మాట మంచిదే. కాని కొనసాగించడానికి ఎదురుగా పిల్ల ఏది? శనివారాలు సహస్ర వచ్చే వేళకు గది ఖాళీగా ఉండేది. ముబీనా ఇంకెవరినీ ఆ వేళకు పిలవలేదు.

కొన్ని వారాలు చూసి చివరికి మల్లేశ్వర్‌కు ఫోన్ చేసింది. "మీకు ఇష్టమైతేనే, ఒకపారి ఇంటికొచ్చి పిల్లను చూసి పోత" అంది. అతను వెంటనే, "రాండ్రి మేడం. ఆమె మాటలు పట్టించుకోకున్రి, భయంల అన్నది" అన్నాడు.

బడికి సెలవున్న రోజు చూసుకుని కరణ్‌కోట బస్సెక్కి, దిగి, సున్నపు దుమ్ము పట్టిన వీధిలో అడుగుతూ పోయింది. మల్లేశ్వర్ కట్టు కట్టిన చేతిని మెడకు వేలాడేసుకుని మంచంమీద కూర్చున్నాడు. మంచం పక్కన కింద సహస్ర. చేతులు నేలమీద. రచన నీళ్ళిచ్చి గడప దగ్గర నిలబడింది, కూర్చోలేదు.

ముబీనా కుర్చీ వద్దని పిల్లకు ఎదురుగా కిందే కూర్చుంది. ఓదార్చలేదు.

"సహస్రా, నాన్న పడ్డడు గదా, దానికి ముందటి రోజు సంగతి చెప్పు. సైరన్ మోగినప్పుడు నువ్వెక్కడున్నవ్?"

సహస్ర అరచేతులు ఇంకొంచెం గట్టిగా అదిమింది.

"ఆ రోజు నేల పట్టుకున్నవా?"

పిల్ల తల్లి వైపు చూసింది. తండ్రి వైపు చూసింది. "పట్టుకున్న" అంది వినీ వినపడకుండా.

రచన గడప దగ్గర్నుంచి ముందుకొచ్చింది. "మానేసిన అన్నవ్ గదనే! బొట్టుబిళ్ల గూడ పెట్టుకున్నవ్!"

"దొంగతనంగ పట్టుకున్న. బడిల బాత్రూంల. అప్పుడప్పుడు."

"పోనీలే" అంది ముబీనా, రచన ఇంకేదో అనేలోపే. "చెప్పినవ్ గదా, మంచిదైంది. అంటే పట్టుకున్నవ్. అయినా నాన్న పడ్డడు. దానికి మేస్త్రి ఏమంటున్నడు?"

సహస్ర కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్ని వారాలూ ఆ పిల్ల మోసింది ఇదే. "సరిగ్గ పట్టుకోలేదు అంటున్నడు. ఒక చెయ్యి తడిగుండె. నా తప్పే అంటున్నడు."

"ఊఁ. పట్టుకోని రోజు నాన్న ఇంటికొస్తే ఏమంటడు?"

"ఈపారి వదిలిపెట్టిన, రేపు చూస్కో అంటడు."

"అంటే ఎట్లయినా మేస్త్రిదే రైటు. ఎన్నడన్న తనది తప్పని ఒప్పుకున్నడా?"

సహస్ర లేదన్నట్టు తల ఊపింది. మంచంమీదనుంచి మల్లేశ్వర్, "మా మేస్త్రి గూడ గంతే బిడ్డా. పని మంచిగైతే ఆయన జేసిండు, చెడిపోతే మేం జేసినం" అన్నాడు. పిల్ల ఏడుస్తూనే ఫక్కున నవ్వింది.

ఆ నవ్వు ఆగకముందే సైరన్ మోగింది.

సహస్ర వేళ్ళు తెల్లబడేలా నేలకు అదుముకున్నాయి. రచన చెయ్యి తనకు తెలియకుండానే ఫోన్ మీదికి పోయింది. పోయి, ఆగింది. భర్త ఎదురుగానే ఉన్నాడు, ఎవరికి చెయ్యాలి? పిల్ల కూడా తలెత్తి తండ్రిని చూసింది. కట్టు కట్టిన చెయ్యి, మంచం, గోడకు ఆనుకున్న వీపు. చాలాసేపు చూసింది.

"నాన్న ఈడనే ఉన్నడు గద" అంది.

సైరన్ ఇంకా మోగుతూనే ఉంది.

"ఈడనే ఉన్నా పట్టుకో అంటున్నడు." ఆ పిల్ల గొంతులో మొదటిసారి భయానికి బదులు చిరాకు పలికింది. "పిచ్చి మేస్త్రి."

ఒక చెయ్యి తీసింది. రెండోది తియ్యడానికి చాలా కష్టపడింది. తీసి రెండూ ఒళ్ళో పెట్టుకుంది. ముబీనాకు ఆ చేతులు పట్టుకోవాలనిపించింది. పట్టుకుంటే పిల్లకు నేల బదులు తన చెయ్యి దొరికినట్టవుతుంది, అంతే. అందుకని తన చేతులు తన ఒళ్ళోనే పెట్టుకుని, "చాయ్ ఎట్లుంది?" అని మాత్రం అడిగింది.

"మస్తు పొగలొస్తున్నయ్."

"రానీ. చూద్దాం."

దూరంగా నేల దడదడలాడింది. అల్మారాలో గిన్నెలు గలగలమన్నాయి. రెండో సైరన్ మోగేసరికి పిల్ల జాకెట్టు చెమటతో తడిసిపోయింది. "ఊదుకుని తాగొచ్చు" అంది. రచన అప్పుడు వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

అక్కడితో అంతా బాగైపోయిందని కాదు. మల్లేశ్వర్ మళ్ళీ పనికి వెళ్ళిన వారం పిల్ల రెండుసార్లు నేల పట్టుకుంది. ఒకసారి తండ్రి చెప్పులు దాచేసింది. కాని ఇప్పుడు దాచుకోకుండా వచ్చి చెప్పేది. పట్టుకున్న రోజు ఏమైంది, పట్టుకోని రోజు ఏమైంది అని ముబీనా అడిగేది, పిల్లే తేల్చేది. రెండు రకాల రోజుల్లోనూ నాన్న వచ్చాడు. చలికాలం వచ్చేసరికి సైరన్ మోగితే, "ఆఁ, వినపడ్డది తీ" అని తన పని తాను చేసుకునేదని రచన చెప్పింది.

చివరిసారి వచ్చినప్పుడు సహస్ర వెళ్ళబోతూ తలుపు దగ్గర ఆగింది. "మేడం, మీకు గూడ లోపట ఒక మేస్త్రి ఉంటడా?"

"అందరికీ ఉంటడు" అంది ముబీనా. పిల్లకు ఆ జవాబు చాలింది. ఇంకేమీ అడగకుండా మెట్లు దిగి తల్లి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. ఈ పనిలో సంతోషం ఇట్లాగే వస్తుంది. బాగైన పిల్ల ఇక రాదు.

తన మేస్త్రి ఏమంటాడో ముబీనాకు బాగా తెలుసు. ఎవరింటికీ పోకు, వాళ్ళు జాలిపడి పిలుస్తున్నారు, నువ్వు వెళ్తే వాళ్ళకు బరువు అంటాడు. ఇతరుల పిల్లల చేత ఎన్నో పరీక్షలు చేయించిన ఆమె దీన్ని మాత్రం ఎప్పుడూ పరీక్షించి చూడలేదు. ఆ వారం సుమిత్రమ్మ మళ్ళీ పిలిచినప్పుడు, "వస్త" అంది. సుమిత్రమ్మ నమ్మలేనట్టు చూసింది.

ఆ ఇంట్లో మనవలు, కోడలు, టీవీ, పక్కింటి ఆడవాళ్ళు. రొట్టెలు వేడిగా ఉన్నాయి. ఎవరూ ఆమెను జాలిగా చూడలేదు. నిజానికి ఎవరూ ఆమెను పెద్దగా చూడనే లేదు. కోడలు వడ్డించి సీరియల్లో పడిపోయింది. సుమిత్రమ్మ మనవరాలికి జడ వేస్తూ మధ్యమధ్య "ఇంకొకటి ఏసుకో బిడ్డా" అంటూ ఉంది. ముబీనా తిని, కాసేపు కూర్చుని, తర్వాతి రైలుకు వచ్చేసింది. మేస్త్రి చెప్పింది అబద్ధమని తేలింది. తేలినంత మాత్రాన వికారాబాద్ ఇంట్లో తాళం తీసేటప్పుడు లోపల్నుంచి ఎవరూ పలకలేదు. అయినా నెలకోసారి ఆ ఇంటికి వెళ్ళడం ఆమె అలవాటు చేసుకుంది.

ఎండాకాలంలో ఒక సాయంత్రం తాండూరు స్టేషన్లో వాళ్ళు కనపడ్డారు. ఏదో పెళ్ళికి వెళ్తున్నట్టున్నారు. రచన పట్టుచీర కట్టుకుని బంధువుల మధ్య నిలబడి ఉంది. సహస్ర తన ఈడు పిల్ల ఒకామెతో కిటికీ పక్క సీటు ఎవరిదన్నదానిమీద గట్టిగా పోట్లాడుతోంది. ముబీనా కాళ్ళు తెలియకుండానే రెండడుగులు అటువేశాయి.

రచన చూసింది. ఆ చూపు ఒక్క క్షణం నిలిచి, బోర్డు మీద పేరు చదివి వదిలేసినట్టు పక్కకు పోయింది. పక్కనున్నది అత్తగారో, ఆడబిడ్డో. పిల్లను ఎక్కడికి తిప్పారో వాళ్ళకు తెలియకూడదు. ముబీనాకు అర్థమైంది. వాళ్ళంతట వాళ్ళు పలకరిస్తే తప్ప బయట పలకరించకూడదన్నది తను నేర్చుకున్న నియమం కూడా. వెనక్కి తిరిగి, ఆగి ఉన్న రైల్లో వేరే పెట్టె వైపు నడిచింది. ఎక్కేముందు ఒక్కసారి చూస్తే, సహస్ర కూడా ఇటే చూస్తోంది. పిల్ల చెయ్యి సగం లేపింది. అంతలో పక్కపిల్ల ఏదో అనేసరికి అటు తిరిగి మళ్ళీ పోట్లాటలో పడింది.

లోపల ఒక పెద్దావిడ జరిగి చోటిచ్చింది. ముబీనా చూపు ప్లాట్‌ఫారం మీదే ఉండటం చూసి, "ఎవరన్న ఎరుకైనోళ్ళా?" అంది.

"కాదు" అంది ముబీనా.

"ఎందాక?"

"వికారాబాద్."

రైలు కదిలింది. పెద్దావిడ బషీరాబాద్‌లో ఉన్న తన కూతురి సంగతి ఎత్తుకుంది. అల్లుడు మాట్లాడడట, మనవడు బడికి పోనంటాడట. చెప్పుకుంటూ పోయింది. ముబీనా ఆమె వైపు తిరిగి కూర్చుని వికారాబాద్ వచ్చేదాకా వింది.